తెల్లవారితే మొరాయించే బండి

“తాళాలు బల్ల మీద పెట్టు,” అన్నాడు కొడుకు.

“పెట్టను,” అంది కోడలు.

అంతే. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది.

బయట గేటు దగ్గర వాళ్ళ లినెట్ మోడల్ కారు ఆగిపోయి ఉంది. వెనక చక్రాలు వీధిలోనూ, ముందు చక్రాలు ఇంటి ఆవరణలోనూ ఉన్నాయి. వెళ్ళాలో ఉండాలో తేల్చుకోలేని చుట్టంలా ఉంది దాని వాలకం. ఈ నెలలో ఇది పదోసారి. రోజూ పొద్దున గునుస్తుంది. ఒక్కోరోజు ఎలాగో దారిలో పడుతుంది. ఒక్కోరోజు ఇలా వణికి, గురక పెట్టి, చప్పున ఆగిపోతుంది.

కిటికీ పక్కన వాచీల మేస్త్రి ఒక పాత టైంపీసు విప్పుకుని కూర్చున్నాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక దుకాణం మూసేసి రెండేళ్ళయింది. ఇప్పుడాయన దగ్గరికి వచ్చేవి డబ్బు పెట్టి బాగు చేయించుకోవడానికి ఎవరూ ఒప్పుకోని గడియారాలే. తల ఎత్తకుండానే కొడుకు గొంతూ కోడలి గొంతూ వింటున్నాడు. వాళ్ళు అరుచుకుంటే ఆయనకు అంత భయం లేదు. ఇలా మెల్లగా మాట్లాడుకుంటేనే భయం.

“బుధవారం నడిరోడ్డు మీద ఇది ఆగిపోతే, ఆ లారీ మన వెనక జానెడు దూరంలో ఆగింది. జానెడు! ఆ హారన్ ఇంకా నా చెవుల్లో మోగుతోంది. నీకు మోగటం లేదా?”

“మోగుతోంది.”

“మరి?”

“మోగుతోంది కాబట్టే లోపమేంటో కనిపెట్టాలంటున్నాను. మనం అమ్మేసి చేతులు దులుపుకుంటే రేపు ఆ లారీ ముందు ఇంకెవరో ఆగిపోతారు.”

కొడుకు బళ్ళో డ్రాయింగు మాస్టారు. కోపం వస్తే గోడ మీద వేలితో గీతలు గీస్తాడు. ఇప్పుడూ గీస్తున్నాడు.

“నేను బుధవారమే మాట ఇచ్చేశాను. బేకరీ ఆయన బండి కొనుక్కోవటానికి పదకొండింటికి వస్తాడు.”

“నన్నడిగే ఇచ్చారా?”

గోడ మీద వేలు ఆగింది.

అత్తగారు కాఫీ గ్లాసులు తెచ్చి బల్ల మీద టక్కున పెట్టింది. “పోనీలెద్దూ. ఆ కారు పోతే పోయింది. కౌంటరు దగ్గర కూర్చుని కళ్ళజోళ్ళు ఇవ్వటం మాత్రం ఉద్యోగం కాదా? ఫ్యాను కింద పని. ఎండన పడి ఊళ్ళు తిరగక్కర్లేదు.”

కోడలు కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష చేస్తుంది. వారానికి నాలుగు రోజులు దూరపు బళ్ళకు వెళ్ళి పిల్లల కళ్ళు చూస్తుంది. అద్దాల పెట్టె, అక్షరాల పలక, స్టాండు, అన్నీ లినెట్ డిక్కీలోనే. సోమవారం రాతిక్వారీ పక్కనున్న బడికి వెళ్ళాలి. బండి మొరాయించి ఆ బడికి ఇప్పటికే రెండుసార్లు వెళ్ళలేకపోయింది. మూడోసారి కూడా తప్పితే ఆ తిరుగుడు ఇంకొకరికి ఇచ్చి ఆమెను కౌంటరులో కూర్చోబెడతానని పెద్ద డాక్టరు చెప్పేశాడు. బస్సు ఆ క్వారీకి ఐదు కిలోమీటర్ల ఇవతలే ఆగిపోతుంది.

“తప్పేం లేదు అత్తయ్యా,” అంది కోడలు. “కానీ కౌంటరుకి వచ్చేవాళ్ళకి తమకి కనపడటం లేదని తెలుసు. ఆ పిల్లలకి ఆ సంగతే తెలీదు. బోర్డు అందరికీ అలాగే మసగ్గా ఉంటుందనుకుంటారు.”

అత్తగారు కాఫీలో పంచదార సరిపోయిందా అని అడిగింది.

మేస్త్రికి ఆ మాట గుండెలో ఎక్కడో తగిలింది. ఈ పిల్ల ఏం మాట్లాడినా అంతే. తక్కెడలో తూచినట్టు, ఒక్క గింజ ఎక్కువ ఉండదు.

మూడేళ్ళ క్రితం బండి కొనేటప్పుడు కూడా ఇంతే. మామగారిని వెంటబెట్టుకుని పదకొండు బళ్ళు చూసింది. ప్రతి బండి కిందా చాప పరుచుకుని, టార్చి పట్టుకుని దూరేది. ఆయిల్ కడ్డీ తీసి తెల్ల రుమాలు మీద తుడిచి, ఆ మరకను ఎండలో పట్టి చూసేది. బండి ఎలా నడుస్తుందని ఎవరినీ అడగలేదు. “ఎందుకు అమ్ముతున్నారు?” అని అడిగి, అమ్మేవాళ్ళ మొహంలోకి చూసేది. పది మొహాలు పక్కకు తిరిగాయి.

పదకొండోది ఈ లినెట్. లేత బూడిదరంగు సెడాన్. దాన్ని అమ్ముతున్న పెద్దావిడ మొహం తిప్పుకోలేదు. “నా మోకాళ్ళు పోయాయమ్మా, దీనివి పోలేదు,” అంది. తాళాలు ఇచ్చాక లోపలికి వెళ్ళి తలుపు వేసేసుకుంది. బండి వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ కిటికీ తెర కదులుతూనే ఉండటం మేస్త్రి చూశాడు. కొన్నవాళ్ళ సంతోషంలో అమ్మినవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. ఆయనకు మాత్రం ఆ తెర ఇప్పటికీ గుర్తే.

ఆ రోజు ఆయన చేసిందల్లా ఒక్కటే. డ్రైవరు పక్క తలుపు తెరిచి, మళ్ళీ మూశాడు. మంచి జేబుగడియారం మూత పడినప్పుడు ఎలాంటి చప్పుడు వస్తుందో అలాంటి చప్పుడు వచ్చింది. “తీసుకో అమ్మాయ్,” అన్నాడు.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం టైర్లలో గాలి చూడటం, ఐదువేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చడం ఇద్దరి పనీ అయింది. ఆమె బానెట్ కింద తల పెడితే ఈయన టార్చి పట్టేవాడు. చెయ్యి వణికితే వెలుగూ వణికేది. “మామయ్యా, ఇంకొంచెం ఇటు,” అనేది తప్ప ఆమె ఆ వణుకు గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

“పదకొండింటి దాకా టైముందిగా,” అంటోంది ఇప్పుడు కోడలు. “అప్పటిదాకా నన్ను చూసుకోనివ్వండి.”

“నెల రోజులుగా చూస్తూనే ఉన్నావు. మెకానిక్ కూడా చూశాడు.”

“మెకానిక్ ఏమన్నాడో గుర్తుందా? ‘అమ్మా, మీ బండికి మీ ఇల్లే పడటం లేదు’ అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట మీదే మనసు ఉంది.”

“మా ఇంటికేం రోగం?” అంది అత్తగారు చప్పున.

కోడలు నవ్వి, సంచిలోంచి నల్ల అట్ట నోటుపుస్తకం తీసి బల్ల ముందు కూర్చుంది. కళ్ళు పరీక్షించేటప్పుడు ఆమె ఒకేసారి రెండు అద్దాలు మార్చదు. మారిస్తే ఏది మేలు చేసిందో తెలియదు. బండి దగ్గరా అదే పద్ధతి. మొదట ప్లగ్గులు మార్చి నాలుగు రోజులు చూసింది. తర్వాత పెట్రోలు ఫిల్టరు, మళ్ళీ నాలుగు రోజులు. తర్వాత గాలి ఫిల్టరు. ప్రతిరోజూ బండి ఎలా లేచిందో ఒక వరుస రాసింది. ఇంత ఓపిక తన దుకాణంలో పని నేర్చుకున్నవాళ్ళలో ఒక్కడికైనా ఉంటే దుకాణం మూతపడేదే కాదని మేస్త్రి చాలాసార్లు అనుకున్నాడు.

“మామయ్యా, మీరు వింటూ ఉండండి. నేను చదువుతాను. ఎక్కడైనా తేడా చెవికి తగిలితే చెప్పండి.”

“చదువమ్మా.”

“ఒకటో తారీఖు, ఆగింది. రెండు, గునిసి లేచింది. మూడు, ఆగింది. నాలుగు, ఐదు, ఆరు మెకానిక్ షెడ్డులో ఉంది. మూడు పొద్దుళ్ళూ తాళం తిప్పగానే లేచింది. ఏడు, ఇంటికొచ్చిన మర్నాడు, ఆగింది. ఎనిమిది, గునిసి లేచింది. తొమ్మిది, మా అక్క ఇంట్లో పడుకున్నాం, బాగుంది. పది, ఇక్కడ, ఆగింది.”

“చూశావా? ఇల్లే,” అన్నాడు కొడుకు.

“ఉండండి. పదకొండు నుంచి పద్నాలుగు దాకా రాత్రిళ్ళు బండి ఎక్కడికీ పోలేదు. మన షెడ్డులోనే ఉంది. నాలుగు రోజులూ బంగారంలా లేచింది. పదిహేను, మళ్ళీ ఆగింది.” పెన్సిలుతో ఆ నాలుగు వరుసల చుట్టూ సున్నా చుట్టింది. “పెట్రోలు అదే. చలి అంతే. నేను మార్చిన వస్తువు ఏదీ లేదు. మరి ఆ నాలుగు రోజులూ ఈ ఇంట్లో ఏం మారింది?”

“నాకేం తెలుసు?” అన్నాడు కొడుకు.

“నాకు తెలుసు,” అంది అత్తగారు. “ఈయనగారి నుదుటి మీద తడిగుడ్డలు వేసి తీసి నా చేతులు నానిపోయాయి. ఆ నాలుగు రోజులూ జ్వరంతో మంచం దిగితే ఒట్టు.”

మేస్త్రి చేతిలోని మరమేకు నేల మీద పడి, దొర్లుకుంటూ బీరువా కిందికి పోయింది.

ఆయన దాన్ని వెతకలేదు.

నెలన్నర కిందట పక్కింటివాళ్ళ బండి బ్యాటరీ చచ్చిపోయి, నలుగురు కలిసి తోసుకుంటూ పోవడం ఆయన చూశాడు. ఆ సాయంత్రం షెడ్డులో లినెట్ వైపు చూస్తే, లోపల ఒక ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ కనిపించింది. రాత్రంతా అలా వెలుగుతూ ఉంటే బ్యాటరీ ఏం కావాలి? పెట్టుకోని వాచీలోంచి బ్యాటరీ బిళ్ళ తీసి పెట్టడం ఆయన చేతికి యాభై ఏళ్ళ అలవాటు. అందుకే రోజూ సాయంత్రం వాకిట్లో తిరిగి వచ్చేటప్పుడు బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ ఊడదీసేవాడు. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి మళ్ళీ బిగించేవాడు. బిగించగానే బండి గడియారం పన్నెండు చూపిస్తుంది. తప్పు టైము చూపించే గడియారాన్ని అలా వదిలేసి రావడం ఆయన వల్ల కాదు. జేబుగడియారం తీసి, సెకను తేడా లేకుండా సరిచేసి మరీ లోపలికి వచ్చేవాడు.

దుకాణం పోయాక రోజూ తన చేత్తో సరిచేయడానికి ఆయనకు మిగిలింది ఆ ఒక్క గడియారమే.

“ఇంకోటి కూడా రాసుకున్నాను,” అంటోంది కోడలు. “బండిలో గడియారం నేను ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకుంటాను, ఆలస్యం కాకూడదని. పొద్దున చూస్తే సరైన టైముకి వచ్చేసి ఉంటోంది. సెకను కూడా తేడా…”

మాట మధ్యలో తెగిపోయింది.

ఆమె చూపు పుస్తకం మీంచి లేచి, కిటికీ దగ్గర బల్ల మీద మూత తెరిచి ఉన్న జేబుగడియారం మీద వాలింది. అక్కడినుంచి మామగారి చేతుల మీదికి వెళ్ళింది. మొహం మీదికి మాత్రం రాలేదు.

పుస్తకం మూసేసింది.

“ఏమైంది?” అన్నాడు కొడుకు.

“ఏం లేదు. ఇంకేం దొరకలేదు.”

ఆమె అబద్ధం చెప్పడం మేస్త్రి వినడం అదే మొదటిసారి. అలవాటు లేనిదని తెలిసిపోతూనే ఉంది. గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన వెనకాలే వెళ్ళాడు.

“అమ్మాయ్.”

“కాఫీ ఇంకొంచెం కలపనా మామయ్యా?”

“నీకు తెలిసిపోయింది కదూ?”

కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు వంటిల్లంతా నిండింది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

“నాకేం తెలీలేదు,” అంది. “మీరు వెళ్ళి కూర్చోండి. చలిగాలి కొడుతోంది. జ్వరం తగ్గి పదిరోజులే కదా అయింది.”

దుకాణం బల్లను ఇద్దరు మనుషులు మోసుకుపోయిన రోజు ఆయనకు గుర్తొచ్చింది. ఆ రోజూ ఎవరూ ఆయనను ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడంలో ఎంత బరువు ఉంటుందో ఆయనకు తెలుసు.

గేటు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు.

బేకరీ ఆయన పదకొండింటికి రావాల్సినవాడు పదిన్నరకే దిగాడు. మనిషి గుమ్మానికి సరిపడా ఉన్నాడు. చేతుల వెంట్రుకల్లో తెల్లటి పిండి అంటుకుని ఉంది.

“ఏం బండండీ ఇది!” అన్నాడు చుట్టూ తిరుగుతూ. “లినెట్ అంటే ఇష్టం లేనివాడు ఉంటాడా? డిక్కీ చూడండి, పరుపు పరుచుకోవచ్చు. నా కేకులు అంగుళం కదలవు. ఏదీ, తాళాలు ఇలా ఇవ్వండమ్మా.”

కోడలు తాళాలు ఇచ్చేసింది. ఆయన ఒదిగి ఒదిగి సీట్లో ఇరుక్కుని తిప్పాడు. బండి లేచింది, వణికింది, చచ్చిపోయింది.

“అదే దాని రోగం,” అన్నాడు కొడుకు తలవంచుకుని. “దాచి అమ్మటం నాకు చేతకాదు. పొద్దున పూట ఇలాగే చేస్తుంది. ఎందుకో ఎవరికీ అంతు పట్టలేదు.”

“నిజం చెప్పినందుకు సంతోషం సార్. ఆ మేరకు బేరం తగ్గించుకుందాం. మా బావమరిది మెకానిక్కే. ఇంజను మొత్తం దింపి చూస్తాడు.”

ఇంజను దింపుతారట. ఏ లోపమూ లేని ఇంజను. మేస్త్రి కోడలి వైపు చూశాడు. ఆమె గేటు ఊచ పట్టుకుని బండి వైపే చూస్తోంది. ఆమె నోట్లోంచి ఒక్క మాట వస్తే చాలు, బండి దక్కుతుంది, దూరపు బడుల తిరుగుడూ దక్కుతుంది. ఆ మాటను ఆమె పళ్ళ బిగువున ఆపుకుంటోంది. ముసలివాడి పరువు కోసం.

“ఆ ఇంజనుకి ఏ రోగం లేదు,” అన్నాడు మేస్త్రి. “రోగం నేను.”

అందరూ ఆయన వైపు తిరిగారు.

చెప్పేశాడు. ఎర్రదీపం సంగతి, తీగ సంగతి, గడియారం సంగతి. చెబుతున్నంతసేపూ చేతులు వెనక్కి పెట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెబుతున్నవాడిలా నిలబడ్డాడు.

“ఇంట్లో గడియారాలు చాలక కారు మీద కూడా పడ్డారన్నమాట!” అంది అత్తగారు. కానీ ఆ గొంతులో ఎప్పుడూ ఉండే కారం లేదు.

“నాన్నా, ఒక్క మాట చెప్పొచ్చుగా?” అన్నాడు కొడుకు.

“కారుతున్న కుళాయి కట్టేసి వచ్చి ఎవరికైనా చెప్తామట్రా? మంచి పనే చేస్తున్నాననుకున్నాను.”

“మంచి అలవాటేనండీ, పాత బళ్ళకైతే,” అంది కోడలు వెంటనే. భర్తకు చెబుతున్నట్టుగా బేకరీ ఆయనకు చెప్పింది, బేకరీ ఆయనకు చెబుతున్నట్టుగా మామగారికి చెప్పింది. “దీని ఇంజనుకి చిన్న మెదడులాంటి పెట్టె ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఎంత గాలి పీల్చాలో అది నడుస్తూ నడుస్తూ నేర్చుకుంటుంది. బ్యాటరీ తీగ తీస్తే నేర్చుకున్నదంతా మర్చిపోతుంది. రోజూ పొద్దున మళ్ళీ మొదటినుంచి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఇది రాసే ఉంది. నేనే మన ఇంట్లో ఎవరూ తీగ తీయరనుకుని ఆ పేజీ తిప్పేశాను. తప్పు నాది కూడా.”

బేకరీ ఆయన ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, పొట్ట ఊగేలా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

“అంటే బండిలో ఏ లోపమూ లేదన్నమాట. మేస్త్రిగారూ, మీ నోట్లో పంచదార పొయ్య! ఇక నేను వదలను. బేరం తగ్గించమని కూడా అడగను.” చొక్కా జేబులోంచి మడత కాగితాలు తీశాడు. “అమ్మా, బండి మీ పేరునే ఉందటగా. ఇక్కడ ఒక్క సంతకం.”

కొడుకు మొహం పాలిపోయింది. “అది… సంగతి ఇలా తేలిందిగా. ఇప్పుడు…”

“సార్,” అన్నాడు బేకరీ ఆయన. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. “మీరు మాట ఇచ్చారని నిన్న సాయంత్రమే నా పాత వ్యాను ఇచ్చేశాను. రేపటినుంచి నా రొట్టెలు దేంట్లో వెళ్తాయి? నేను మీ బండి మీద కాదు, మీ మాట మీద నమ్మకం పెట్టుకున్నాను.”

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మేస్త్రి చూస్తుండగానే కొడుకు రెండు పక్కలా చిక్కుకుపోయాడు. మాట తప్పితే మనిషి కాడు. మాట నిలబెట్టుకుంటే మొగుడు కాడు.

“ఏం చెయ్యమంటావు?” అన్నాడు భార్యతో, చాలా చిన్న గొంతుతో.

“బుధవారం నన్ను అడగాల్సిన మాట ఒకటుంది,” అంది కోడలు. “అది ఇవాళ అడగండి. అందరి ముందూ అడగండి.”

వీధిలో ఎవరో సైకిల్ మీద పోతూ, గేట్లో అడ్డంగా ఉన్న బండి చూసి గంట కొట్టారు. కొడుకు తన వేళ్ళకంటిన రంగు మరకలు రుద్దుకున్నాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో ఇలాంటి మాట అడగాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదని మేస్త్రికి అప్పుడు తోచింది. తనకూ రాలేదు. దుకాణం మూసేస్తున్నానని భార్యతో చెప్పాడే గానీ, మూసేయనా అని ఎన్నడూ అడగలేదు.

“బండి…” అన్నాడు కొడుకు. “అమ్మేద్దామా?”

ఆమె తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి. అందరూ అదే అనుకున్నారు. బేకరీ ఆయన అయితే కలం మూత కూడా తీశాడు.

“ఆలోచించుకుని చెప్తాను,” అంది.

ఆమె బేకరీ ఆయన ఎదుటికి వెళ్ళి అరచెయ్యి చాపింది. ఆయన తనకు తెలియకుండానే తాళాలు ఆ చేతిలో పెట్టేశాడు.

“మామయ్యా, వస్తారా? పాతిక కిలోమీటర్లు తిరిగితే గానీ దానికి అన్నీ మళ్ళీ గుర్తుకు రావు.”

తననే పిలిచిందా అని మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. చొక్కా పై బొత్తాం పెట్టుకుని, వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు.

బండి లేచింది, వణికింది, ఆగింది. ఆమె కంగారుపడలేదు. రెండోసారి తిప్పి, పెడలు మీంచి కాలు తీసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంజను ఊపిరి ఎగబీలుస్తూ, తడబడుతూ, మెల్లమెల్లగా తన దారి తాను వెతుక్కుంది. పరీక్ష కుర్చీలో కూర్చున్న పిల్లవాడు అక్షరం పోల్చుకునేదాకా ఆమె ఇలాగే తొందరపెట్టకుండా ఎదురుచూస్తుంది కాబోలు. ఆ ఓపికను అంత దగ్గరనుంచి చూడటం తన అదృష్టమని ఆయన అనుకున్నాడు.

బండి వెనక్కి జరిగి పూర్తిగా వీధిలోకి వచ్చింది.

“తిరిగొస్తారు కదండీ?” అని బేకరీ ఆయన కొడుకును అడగడం తెరిచిన కిటికీలోంచి వినిపించింది.

కొడుకు ఏమంటాడో వినాలని మేస్త్రి మెడ తిప్పాడు.

కొడుకు గేటు రెక్క పట్టుకుని, కదిలిపోతున్న బండి వైపే చూస్తున్నాడు. గేటు మూయకుండా అలాగే తెరిచి ఉంచాడు.